చీటీ ముక్క – సంగటి ముద్ద

కూపను అన్నమాట ఫ్రెంచివాళ్ళది. కత్తిరించడం అనే అర్థమున్న మాటలోంచి పుట్టింది. మొదట్లో దానికీ ఇల్లాలికీ ఏ సంబంధమూ లేదు. అప్పుపత్రాల అంచున వరసగా అచ్చువేసిన ముక్కల్ని, గడువు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటే కత్తిరించి వడ్డీ పుచ్చుకునే షావుకార్ల వ్యవహారం అది. ఆ వడ్డీ ముక్క మన పోపులపెట్టె దాకా నడిచి రావడం వెనక పెద్ద కథే ఉంది.

అమెరికాలోని అట్లాంటా నగరంలో ఆసా కాండ్లర్ అనే మందుల వ్యాపారి చేతికి 1880ల చివరలో కోకాకోలా వచ్చింది. అప్పటికి ఆ పానీయం పేరు ఊరు దాటి ఎవరికీ తెలియదు. ఆయన చేసిన పనల్లా, ఒక గ్లాసు ఊరికే తాగి వెళ్ళండని చీటీలు పంచడం. 1894 నుంచి 1913 దాకా అలా 85 లక్షల గ్లాసులు ఉచితంగా పోసి ఉంటారని అంచనా. దివాలా తీశాడా అంటే, లేదు. ఊరికే వచ్చిన గ్లాసు నాలుకకు రుచి నేర్పింది. రెండో గ్లాసు నుంచీ డబ్బిచ్చి తాగారు. అంగడివాడు ఇచ్చే కూపనుకు అప్పుడూ ఇప్పుడూ అదే కిటుకు. మన డబ్బు మిగల్చడం దాని పని కాదు, మనకో కొత్త అలవాటు చేయడం దాని పని.

అందుకని కూపన్లు వద్దంటున్నానా? అబ్బే, అదేం కాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు సరుకుల చీటీ రాసుకుని, ఆ తరువాతే కూపన్లు వెతకాలి. ముందు కూపన్లు చూసి తరువాత చీటీ రాస్తే, ఆ చీటీ మనది కాదు, అంగడివాడిది! రెండో జాగ్రత్త, ధర చూడటం కాదు, కిలో ధర చూడటం. పది రూపాయలు తగ్గించిన ప్యాకెట్టులో వంద గ్రాములు తగ్గి ఉండవచ్చు. ఇప్పుడు కాగితం పోయి సెల్‌ఫోన్లో అంకెలు వచ్చాయి గానీ లెక్క మారలేదు.

ఇక రెండో రకం కూపను ఉంది. అది సర్కారుది. దాని స్వభావమే వేరు. యుద్ధకాలంలో బ్రిటన్‌లో 1941 జూన్ 1న బట్టలకు కూపన్లు పెట్టారు. మొదటి ఏడాదికి మనిషికి 66. ఒక ఉన్ని గౌనుకే 11 పోయేవి. ఎంత డబ్బున్న దొరసాని అయినా కూపను లేకపోతే గౌను లేనట్టే. మన దగ్గరా ఆ యుద్ధంతోనే కంట్రోళ్ళు వచ్చాయి. అప్పుడు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోది కదా, 1952లో రాజాజీ ఆహార ధాన్యాల మీద కంట్రోలు ఎత్తేస్తే ఆ ఎత్తివేత మన ఊళ్ళకూ వర్తించింది. కంట్రోలు పోయినా మాట పోలేదు. నాసిరకం బియ్యం కనిపిస్తే కంట్రోలు బియ్యమా అని మూతి విరిచే అలవాటు మిగిలింది!

ఆ మూతివిరుపు పట్నాల్లో చెల్లుతుందేమో గానీ, మదనపల్లె, పుంగనూరు పక్కన, కర్ణాటక అంచున ఉన్న రామసముద్రం లాంటి చోట చెల్లదు. సముద్రమంటే నిజం సముద్రం కాదు లెండి. మన సీమలో చెరువునే గొప్పగా సముద్రం అనేవారు. చెరువు నిండితే వరి, నిండకపోతే రాగి. నిండని ఏళ్ళే ఎక్కువ. కూలీనాలీ చేసుకునే ఇళ్ళల్లో వరన్నం పండక్కో, చుట్టం వస్తేనో. మిగతా రోజులన్నీ సంగటే. పొద్దున్నే తిరగలి ముందు కూర్చుని రాగులు విసరడం, పొయ్యి మీద కుండను కదలకుండా పట్టుకుని కట్టెతో గెలకడం, అదంతా ఆడవాళ్ళ రెక్కల కష్టం.

1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు కుటుంబానికి నెలకు ఎక్కువలో ఎక్కువ 25 కిలోలు. అంటే 50 రూపాయలు. ఆ 50 రూపాయలూ స్టోరులో సరుకు దిగిన రోజునే చేతిలో ఉండాలి, అదీ అసలు చిక్కు. ఏ రోజు కూలి ఆ రోజే ఖర్చయ్యే ఇంట్లో అంత మొత్తం ఒక్కసారి ఎక్కడినుంచి వస్తుంది? చౌకధర అందుకోవాలన్నా ముందు నాలుగు డబ్బులు దాచి ఉంచాలి. ఆ దాచడం ఇంటింటా ఆడవాళ్ళ పనే. ధరల సంగతంటారా, అది ముఖ్యమంత్రులను బట్టి పైకీ కిందికీ ఊగింది. 1996లో మూడున్నర అయింది, 2008లో మళ్ళీ రెండుకు దిగింది, 2011 నవంబరులో, పక్కనే ఉన్న పీలేరు ఎమ్మెల్యే కిరణ్‌కుమార్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, రూపాయి అయింది. ఆ ఏడాదే కార్డు లేనివాళ్ళకు రచ్చబండ కూపన్లు ఇచ్చారు. కూపనన్న మాటకు పల్లెలో ఈ అర్థమే గుర్తు. అది అంగడివాడి కూపనులా ఎక్కువ కొనమని ఊరించదు. ఇంత ధరకు ఇంత ఇస్తామని మాట ఇస్తుంది. తరువాత వేలిముద్ర మిషన్లు వచ్చాయి, 2021లో సరుకు బండ్లు ఇంటి ముందుకు వచ్చాయి, 2025 జూన్ నుంచి మళ్ళీ స్టోరు ముందు వరస.

ఈ బియ్యం వల్ల ఎవరికేం మిగిలింది అంటే నేను ముందు డబ్బు పేరు చెప్పను, తిరగలి పేరు చెబుతాను. అది మూలన పడ్డ రోజున ఆడవాళ్ళ భుజాలకు దొరికిన విశ్రాంతిని ఏ సర్కారు లెక్కల్లోనూ రాయలేదు. దాంతోపాటే సంగటీ మూలన పడింది. రోజూ వరన్నం తినే ఇల్లు అంటే ఒక మెట్టు పైకి ఎక్కిన ఇల్లు. పిల్లలు సంగటి అంటే సిగ్గుపడటం మొదలైంది. బియ్యంలోకంటే రాగుల్లో ఎముకలకు కావలసిన కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువన్న సంగతి అప్పుడెవరికి పట్టింది?

2023లో రాయలసీమ రేషన్ కార్డుదారులకు, బియ్యంలో కొంత బదులుగా కావాలంటే రాగులు పుచ్చుకోవచ్చని సర్కారే చెప్పింది. ఈసారి విసరడానికి పిండిమిల్లు ఉంది. గెలకడానికి మాత్రం ఎవరు ముందుకొస్తారో ఇంట్లో మగవాళ్ళను కూడా అడిగి చూడండి.