గ్రహణం – గుంటూరు – గుండుసూది

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని కార్యదర్శిగారు అడిగారు. నేను చూసిన రెండు సూర్యగ్రహణాల గురించి, నేను పుట్టకముందు మన గుంటూరు చూసిన ఒక గ్రహణం గురించి రాస్తున్నాను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా సాగింది. దాన్ని పరిశీలించడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చారు. ఆంగ్లేయుల బృందం కూడా ఇక్కడే మకాం వేసింది. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ మచిలీపట్నంలోను, అక్కడే పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను పరికరాలు అమర్చుకున్నారు. సూర్యుడి అంచున లేచే మంటలు వాయువులేనని ఆనాడు తేలింది. వాటి కాంతిలో కనిపించిన ఒక పసుపుపచ్చ గీత ఎవరికీ అంతుబట్టలేదు. ఆ గీతకు కారణమైన మూలకానికే తరువాత హీలియం అని పేరు వచ్చింది. భూమి మీద అది 1895లో గాని దొరకలేదు.

అంతటి చరిత్ర ఉన్న ఊళ్ళో 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం వీధుల్లో పురుగు లేదు. హైదరాబాదు దగ్గరి జపాల్–రంగాపూర్ అబ్జర్వేటరీ వద్ద సంపూర్ణ గ్రహణం. మనకు పాక్షికమే, కాని చివరికి సన్నని వంక మాత్రమే మిగిలింది. మా అమ్మ పట్టు స్నానం చేసి, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, తలుపులు బిగించింది. నేను అప్పుడు ఎల్.డి.సి.ని, ముప్పయ్యేళ్ళవాణ్ణి. "ఇవన్నీ చాదస్తాలమ్మా" అని మేడెక్కి, పాత ఎక్సురే ఫిల్ము అడ్డం పెట్టుకుని తనివితీరా చూశాను. నొప్పి లేదు, మంట లేదు.

సోమవారం ఆఫీసులో రిజిస్టరు తెరిస్తే, ఏ అంకె చూసినా దాని మధ్యలో బూడిదరంగు చుక్క! కంటి డాక్టరుగారు పరీక్షించి, రెటీనా కాలిందని, దానికి నొప్పి తెలియదని, మందు లేదని చెప్పారు. ఎక్సురే ఫిల్ము, మసిపట్టిన గాజు, చలువ కళ్ళద్దాలు వెలుగును తగ్గించినట్టు కనిపిస్తాయే గాని, కంటికి కనిపించని కిరణాలను ఆపవు. ఆ చుక్క ఈనాటికీ నా కుడికంట్లో ఉంది. తలుపు వేసుకున్న అమ్మ కళ్ళు చివరిదాకా చల్లగా ఉన్నాయి. సైన్సు తెలుసనుకున్న నా కంటికే మచ్చ పడింది. సగం తెలివి చేటని అప్పుడు తెలిసింది.

అందుకే 2019 డిసెంబరు 26న మన సంఘం ఆవరణలో అందరం కలిసి గ్రహణం చూద్దామన్నప్పుడు, ఏర్పాట్లు నేనే మీద వేసుకున్నాను. ఉదయం ఎనిమిది దాటాక పట్టి, పదకొండు దాటాక విడిచింది. సగానికి పైగా సూర్యబింబం మరుగైంది. అట్టకు గుండుసూదితో బెజ్జం పెట్టి, సూర్యుడికి వీపు చేసి నిలబడి, తెల్లకాగితం మీద వంకను పట్టాం. వేపచెట్టు నీడలో నేలంతా నెలవంకలే! ఒక మిత్రుడి భార్య ఇంట్లోంచి జల్లెడ తెచ్చి ఎండలో పట్టుకుంటే వందల వంకలు పడ్డాయి. పిల్లలు కేరింతలు కొట్టారు.

బయట నిలబడలేని పెద్దలకోసం చిన్న అద్దానికి బెజ్జం కాగితం అంటించి, కిటికీలోంచి హాలు గోడ మీదికి వెలుగు మళ్ళించాం. పది మీటర్ల దూరానికి బింబం సుమారు తొమ్మిది సెంటీమీటర్లు వస్తుంది. ఎనభై దాటిన ఒక పెద్దాయన కుర్చీలో కూర్చునే చూసి, "ఇన్నేళ్ళూ దీనికా భయపడ్డాను!" అన్నారు. ఆయన ఇంటికి వెళ్ళి విడుపు స్నానం చేశారు. అందులో తప్పేమీ లేదు.

నేరుగా చూడదలచినవారు ఐ.ఎస్.ఓ. 12312–2 ప్రమాణం గల కళ్ళద్దాలే వాడాలి. గీతలు పడ్డవి పారేయాలి. తల వంచి పెట్టుకుని, తల వంచే తీయాలి. వాటితో దుర్భిణి చూడరాదు. పిల్లల పక్కన పెద్దవారొకరు ఉండాలి.

2027 ఆగస్టు 2న వచ్చే సూర్యగ్రహణం మన దేశంలో పలుచోట్ల పాక్షికంగా కనిపిస్తుంది. మనవళ్ళు, మనవరాళ్ళు మేడెక్కుతామంటే కోప్పడకండి. ఒక గుండుసూది, ఒక అట్టముక్క చేతికివ్వండి. మన ఉద్యోగమంతా వాటితోనే గడిచింది కదా!