పూలలోయలో శరత్కాలపు నడకలు: ఒక్క పగటిలో ఎంత దూరం వెళ్లి రావచ్చు?

వర్షాలు తగ్గి ఆకాశం తేటపడే సెప్టెంబరు రెండో సగంలో హిమాలయాల రూపురేఖలు మారిపోతాయి. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉన్న పూలలోయ జాతీయ ఉద్యానవనంలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో లోయను కప్పివేసే పూలు అప్పటికి చాలావరకు విత్తు దశకు చేరుకుంటాయి. పచ్చని వాలులు పసుపు, ఎరుపు రంగులు సంతరించుకుంటాయి. మేఘాల చాటున ఉన్న మంచు శిఖరాలు బయటపడతాయి. సందర్శకుల రద్దీ కూడా తగ్గుతుంది.

ఉద్యానవనంలో రాత్రి బస చేయడం నిషిద్ధం. అందువల్ల ఇక్కడి నడకలన్నీ ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావలసినవే. దూరాలు తక్కువగానే కనిపించినా, ఎత్తు, చలి, త్వరగా వాలే పొద్దు ఈ ప్రయాణాన్ని కష్టతరం చేస్తాయి.

లోయ నేపథ్యం

భ్యుండార్ లోయ ప్రాంత గ్రామస్థులకు, గొర్రెల కాపరులకు ఈ ప్రదేశం తరతరాలుగా తెలుసు. 1931లో కామెట్ శిఖరాన్ని అధిరోహించి తిరిగివస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం ఇక్కడికి చేరుకుంది. స్మైత్ 1937లో మళ్లీ వచ్చి, ఇక్కడి మొక్కలను పరిశీలించి, 1938లో ప్రచురించిన పుస్తకంతో బయటి ప్రపంచానికి ఈ లోయ పరిచయమైంది. ఆ మరుసటి ఏడాది, అంటే 1939లో, మొక్కల సేకరణకు వచ్చిన బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞురాలు జోన్ మార్గరెట్ లెగ్ కొండవాలుపై జారిపడి మరణించారు. ఆమె సమాధి నేటికీ లోయలోనే ఉంది.

1982లో ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది. దీని విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన నందాదేవి జాతీయ ఉద్యానవనానికి కొనసాగింపుగా, 2005లో యునెస్కో పూలలోయను కూడా ఆ జాబితాలో చేర్చింది.

చేరుకునే మార్గం

బదరీనాథ్ యాత్రకు వెళ్లే తెలుగువారు గోవింద్‌ఘాట్ మీదుగానే ప్రయాణిస్తారు. బదరీనాథ్‌కు సుమారు 25 కిలోమీటర్ల ముందు వచ్చే ఈ కూడలి నుంచే పూలలోయకు దారి చీలుతుంది. రిషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్‌కు సుమారు 270 కిలోమీటర్లు. అక్కడి నుంచి పుల్నా గ్రామం వరకు నాలుగు కిలోమీటర్లు జీపులు వెళ్తాయి. ఆ తర్వాత దాదాపు పది కిలోమీటర్ల కాలిబాట ఘంగారియాకు చేరుస్తుంది. నడవలేనివారు కంచరగాడిదలపై వెళ్లవచ్చు.

ఘంగారియా సుమారు 3,050 మీటర్ల ఎత్తున ఉంది. వసతి, భోజనం లభించే చివరి ఊరు ఇదే. 2013 జూన్ వరదల్లో ఈ మార్గంలోని వంతెనలు, కాలిబాట చాలాచోట్ల కొట్టుకుపోయాయి. తరువాత వాటిని పునర్నిర్మించారు.

మొదటి నడక: పుష్పావతి తీరం

ఘంగారియా దాటిన కొద్దిసేపటికి దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు దారిలో అటవీ శాఖ తనిఖీ కేంద్రం వస్తుంది. అక్కడ రుసుము చెల్లించి, పేరు నమోదు చేయించుకోవాలి. కంచరగాడిదలను లోపలికి అనుమతించరు. మధ్యాహ్నం తర్వాత ప్రవేశం ఉండదు. లోపలికి వెళ్లినవారు సాయంత్రం ఐదు గంటలలోపు వెనుదిరిగి రావాలి.

తొలుత దారి పుష్పావతి నదిపై వంతెన వరకు దిగుతుంది. అక్కడి నుంచి భూర్జ వృక్షాల నడుమ నిట్టనిలువు రాతిబాట మొదలవుతుంది. తెలుగునాట తాళపత్రాలు ఎలాగో, కాశ్మీరం, వాయవ్య భారతంలో గ్రంథరచనకు ఈ చెట్టు బెరడు అలాగే ఉపయోగపడింది. శరత్తు ఆరంభంలో ఈ చెట్ల ఆకులు పసుపు రంగుకు మారుతాయి. ఎక్కుడు పూర్తయ్యాక లోయ ఒక్కసారిగా విశాలంగా తెరుచుకుంటుంది. ఘంగారియా నుంచి ఇక్కడికి సుమారు నాలుగు కిలోమీటర్లు.

తొలిసారి వచ్చినవారు ఇక్కడి నుంచే తిరిగివెళ్లినా నడక సార్థకమే. శక్తి, సమయం ఉన్నవారు చదునైన దారిలో లెగ్ సమాధి వరకు లేదా నదీతీరం వరకు సాగవచ్చు. ఎంత దూరం వెళ్లినా, తిరుగు ప్రయాణానికి చాలినంత పగటి వెలుగు మిగిలేలా చూసుకోవాలి. సెప్టెంబరు చివరి వారంలో పగలు, రాత్రి దాదాపు సమానంగా ఉంటాయి. చుట్టూ ఎత్తైన కొండలు ఉండటంతో లోయలో ఎండ ఇంకా ముందుగానే మాయమవుతుంది.

రెండో నడక: హేమకుండ్

చీలిక వద్ద రెండో దారి సిక్కుల పుణ్యక్షేత్రమైన హేమకుండ్ సాహిబ్‌కు వెళ్తుంది. ఇది జాతీయ ఉద్యానవనం వెలుపల ఉంది. గురు గోవింద్ సింగ్ పూర్వజన్మలో ఇక్కడ తపస్సు చేశారని సిక్కుల విశ్వాసం. సరస్సు ఒడ్డున గురుద్వారాతో పాటు లక్ష్మణ ఆలయం కూడా ఉంది.

దూరం ఆరు కిలోమీటర్లే అయినా, ఆ కొద్ది దూరంలోనే దాదాపు 1,200 మీటర్లు ఎక్కాలి. సరస్సు 4,300 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. అక్కడ కూడా రాత్రి బసకు అవకాశం లేదు. అందువల్ల తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నానికల్లా దిగడం ప్రారంభించాలి. లోయ నడక, హేమకుండ్ నడక ఒకే రోజున పెట్టుకోవడం మంచిది కాదు.

ఈ దారి పైభాగంలో రాళ్ల మధ్య సెప్టెంబరు నడుమ వరకు బ్రహ్మకమలాలు కనిపిస్తాయి. ఇది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. తెలుగు ఇళ్లలో కుండీల్లో పెరిగి, రాత్రివేళ విచ్చే తెల్లపువ్వును కూడా బ్రహ్మకమలం అనే అంటారు. కానీ అది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చిన జెముడు జాతి మొక్క. ఈ రెండింటికీ పేరు తప్ప సంబంధం లేదు.

ఎత్తుతో జాగ్రత్త

3,600 మీటర్ల వద్ద వాయుపీడనం సముద్రమట్టంలోని పీడనంలో దాదాపు మూడింట రెండు వంతులే. హేమకుండ్ వద్ద అది అరవై శాతానికి దగ్గరగా ఉంటుంది. ఊపిరితో అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. మైదానాల నుంచి నేరుగా వచ్చిన వారికి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, నిద్రపట్టకపోవడం వంటి లక్షణాలు కనిపించవచ్చు. వయసులో ఉన్నవారికి, వ్యాయామం అలవాటున్న వారికి కూడా ఇది రావచ్చు.

జోషీమఠ్‌లో ఒక రాత్రి, ఘంగారియాలో మరో రాత్రి గడిపి, మొదట లోయ నడక, మరునాడు హేమకుండ్ నడక చేస్తే శరీరం క్రమంగా అలవాటుపడుతుంది. లక్షణాలు కనిపిస్తే ఇంకా పైకి వెళ్లకూడదు. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తడబడినా, మాట తికమకగా ఉన్నా వెంటనే కిందికి దిగాలి. అది ప్రాణాపాయ సూచన. గుండె, ఊపిరితిత్తుల వ్యాధులున్నవారు ప్రయాణానికి ముందే వైద్యుల సలహా తీసుకోవాలి.

మేత ఆగిన తర్వాత

జాతీయ ఉద్యానవనం ఏర్పడ్డాక లోయలో పశువుల మేతను నిషేధించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో పాలీగోనమ్ అనే పొదజాతి మొక్క ఏపుగా వ్యాపించి, చిన్న పూలమొక్కలకు చోటు లేకుండా చేస్తోందన్న ఆందోళన పెరిగింది. మేత ఆగడమే ఇందుకు కారణమని కొందరు శాస్త్రజ్ఞులు భావించగా, మరికొందరు దానితో ఏకీభవించలేదు. అటవీ శాఖ ఈ మొక్కలను పెరికించి వేస్తోంది. శరత్తులో లోయ వాలులను ఎర్రబారుస్తూ సందర్శకులను ఆకట్టుకునే ఆకుల్లో ఈ మొక్క ఆకులు కూడా ఉంటాయి.

బయలుదేరే ముందు

నైరుతి రుతుపవనాల ఉపసంహరణ సాధారణంగా సెప్టెంబరు 17 ప్రాంతంలో పశ్చిమ రాజస్థాన్‌లో మొదలవుతుంది. ఉత్తరాఖండ్‌ నుంచి అవి వైదొలగేసరికి నెలాఖరు కావస్తుంది. అప్పటివరకు బదరీనాథ్ రహదారిపై కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ప్రయాణ ప్రణాళికలో ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకోవడం మేలు. వాతావరణ శాఖ హెచ్చరికలను ఏ రోజుకారోజు గమనించాలి.

వానకోటు, ఉన్ని దుస్తులు, పట్టు జారని బూట్లు, చేతికర్ర, టార్చిలైటు, తాగునీరు, కొద్దిపాటి తినుబండారాలు వెంట ఉండాలి. ఉద్యానవనంలో దుకాణాలు లేవు. పూలు కోయడం, మొక్కలు పెరకడం నేరం. ప్లాస్టిక్ వ్యర్థాలను తిరిగి వెంట తెచ్చుకోవాలి. ఉద్యానవనం ఏటా జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకు తెరిచి ఉంటుంది. హేమకుండ్ మాత్రం సాధారణంగా అక్టోబరు మొదటి పక్షంలోనే మూతపడుతుంది. రెండు నడకలూ చేయదలచినవారికి సెప్టెంబరు చివరి వారం అనుకూలం.