వేరు కోసి చూస్తే తెలిసే పేరు

1992లో బ్రస్సెల్స్ కిడ్నీ డాక్టర్ల దగ్గరకి ఒక వింత కేసు వచ్చింది. తర్వాత అలాంటిదే ఇంకోటి, ఆ తర్వాత మరికొన్ని. అందరూ ఆడవాళ్ళే, చాలామంది వయసులో ఉన్నవాళ్ళు. నెలల్లోనే కిడ్నీలు ఎండిపోయినట్టు కుంచించుకుపోతున్నాయి, మామూలుగా కనబడే కారణాలేవీ లేవు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, వీళ్ళంతా బరువు తగ్గడానికి ఒకే క్లినిక్కులో మందులు వాడారు. ఆ క్లినిక్కు అప్పటికి ఏళ్ళ తరబడి నడుస్తోంది, ఇలాంటి గొడవ ఎప్పుడూ లేదు. మారిందల్లా ఒక్కటే. 1990 మే నుంచి వాళ్ళ మందులో రెండు చైనా మూలికలు కొత్తగా చేరాయి. వాటిలో ఒకటి స్టెఫానియా టెట్రాండ్రా అనే తీగ వేరు.

జాన్-లూయీ వాన్‌హెర్వెగెం బృందం 1993లో లాన్సెట్‌లో ఈ సంగతి ప్రచురించింది. అయితే ఒక చిక్కుముడి మిగిలిపోయింది. స్టెఫానియాకి కిడ్నీలు తినేసే గుణం ఉందని ఎక్కడా లేదు. చైనాలో వందల ఏళ్ళుగా వాడుతున్న మూలిక అది. మరి ఏమయ్యింది?

అయ్యిందేమిటంటే, సంచీలో ఉన్నది స్టెఫానియా కాదు. 1994లో ఆ పొడుల్ని రసాయన పరీక్షకి పెడితే చాలావాటిలో అరిస్టొలోకిక్ ఆమ్లం బయటపడింది. స్టెఫానియాలో అది ఉండదు. అరిస్టొలోకియా ఫాంగ్‌చీ అనే వేరే మొక్కలో ఉంటుంది.

ఈ రెండూ ఎలా కలిశాయో చూడండి. చైనా భాషలో స్టెఫానియా వేరు పేరు ఫాంగ్‌జీ. హాంకౌ రేవు మీదుగా వచ్చేది కాబట్టి హాన్ ఫాంగ్‌జీ అని కూడా అంటారు. రెండో మొక్క పేరు గ్వాంగ్ ఫాంగ్‌జీ, అంటే గ్వాంగ్‌డాంగ్ వైపు ఫాంగ్‌జీ. ఒకటి మన తిప్పతీగ కుటుంబానిది, రెండోది మన ఈశ్వరి వేరు కుటుంబానిది. చుట్టరికం ఏమీ లేదు. కొట్టువాడు చీటీ మీద "ఫాంగ్‌జీ" అని చూసి, ఉన్నదేదో కట్టి ఇస్తాడు. మా భాషలో చెప్పాలంటే ఇది నేమ్‌స్పేస్ గొడవ: రెండు లైబ్రరీల్లో ఒకే పేరుతో ఫంక్షన్ ఉంటే, లింకరు ఏది దొరికితే అది తగిలించేస్తుంది. కంపైలరు ఏమీ అనదు, ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది.

దీన్ని కల్తీ అనడానికి నాకు మనసొప్పదు. గ్వాంగ్ ఫాంగ్‌జీ అప్పటికి చైనా ప్రభుత్వ ఫార్మకోపియాలోనే సొంత పేరుతో ఉన్న మూలిక. కల్తీదారుడు కావాలని దొంగ సరుకు కలుపుతాడు. ఇక్కడ దొంగ ఎవరూ లేకపోవచ్చు, అదే ఇంకా భయపెట్టే విషయం.

సరే, ఎండిపోయి బిళ్ళలుగా కోసిన వేరు చేతిలో ఉంటే ఏది ఏదో చెప్పడం ఎలా? ఆకు లేదు, పువ్వు లేదు, కాయ లేదు. వృక్షశాస్త్రం పుస్తకాల్లో గుర్తుపట్టే లక్షణాలన్నీ పువ్వుతోనే మొదలవుతాయి! అక్కడే మైక్రోస్కోపు పనికొస్తుంది. వేరుని పల్చగా అడ్డంగా కోసి చూస్తే రెండింటి లోపలి కట్టడం వేరు. స్టెఫానియాలో దారునాళాలు తక్కువ, చక్రంలో ఆకుల్లా మధ్య నుంచి బయటికి వరసలుగా ఉంటాయి. కణాల నిండా పిండి రేణువులు. వాటి మధ్య కాల్షియం ఆక్సలేట్ సన్నటి పుల్లల్లా, అతి చిన్న స్ఫటికాలుగా కనబడుతుంది. గ్వాంగ్ ఫాంగ్‌జీలో కూడా పిండి ఉంటుంది, కానీ కాల్షియం ఆక్సలేట్ అక్కడ పుల్లల్లా ఉండదు. ముళ్ళబంతుల్లా గుత్తులుగా పేరుకుని ఉంటుంది. పోలరైజ్డ్ కాంతిలో పెడితే నల్లటి తెర మీద మెరుస్తాయి. వేరుని పొడి కొట్టినా ఆ ముళ్ళబంతులు చాలావరకు మిగులుతాయి. పేరు అబద్ధం చెప్పినా స్ఫటికం చెప్పదు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. కణ సిద్ధాంతం చెప్పిన ష్లైడెన్ గుర్తున్నాడు కదా, స్కూల్లో చదివాం. ఆయన 1847లో సార్సపరిల్లా వేర్లని లోపలి కణాల పొర చూసి రకాలుగా విడదీశాడు. 1850లో ఇంగ్లాండులో కాఫీలో చికోరీ కలిపితే కనిపెట్టడం సాధ్యం కాదని, రసాయన శాస్త్రవేత్తల మాట నమ్మి, ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పాడు. ఆర్థర్ హిల్ హాసల్ అనే డాక్టరు మైక్రోస్కోపు కింద కాఫీ పొడి పెట్టి ఆ చికోరీని చూపించాడు. మన ఫిల్టరు కాఫీ బ్రతుకంతా చికోరీయే అనుకోండి :) చైనాలో ఈ పని మీద జీవితం పెట్టినవాడు నాన్‌జింగ్‌కి చెందిన షు గువోజున్ (1922-2005). వేర్లే కాదు, పది పదిహేను మూలికలు కలిపి నూరి చేసిన మాత్రల పొడిలో కూడా ఏ కణం ఎవరిదో చెప్పే పద్ధతులు తయారు చేశాడు. 1977 నాటి చైనా ఫార్మకోపియాలో మైక్రోస్కోపు పరీక్షలు పెద్ద ఎత్తున చేరాయి.

అంటే బ్రస్సెల్స్ కథ జరిగేనాటికి విద్య ఉంది, పుస్తకం ఉంది. వేరు వేరుగా ఉన్నప్పుడు, ఎవరో ఒకరు ఒక్క ముక్క కోసి చూసి ఉంటే చాలు. మూలికని మరిగించి, సారం తీసి, ఎండబెట్టాక మాత్రం మైక్రోస్కోపుకి పని లేదు. అందులో కణాలే ఉండవు. బైనరీ ఇచ్చి సోర్సు కోడులో కామెంట్లు చదవమన్నట్టు ఉంటుంది. అప్పుడు రసాయన పరీక్ష ఒక్కటే దారి.

హెచ్చరికలు కూడా లేకపోలేదు. 1964లోనే వు సుంగ్‌హాన్ అనే చైనా వైద్యుడు ముతోంగ్ అనే మరో మూలిక ఎక్కువ మోతాదులో తాగిన ఇద్దరికి కిడ్నీలు పోయాయని రాశాడు. అక్కడా పేరు గొడవే, ముతోంగ్ పేరుతో అరిస్టొలోకియా జాతి తీగ కూడా అమ్మేవాళ్ళు. అరిస్టొలోకిక్ ఆమ్లం ఎలుకల్లో కాన్సరు తెస్తుందని తేలి 1980ల మొదట్లో జర్మనీ అది ఉన్న మందులు ఆపేసింది. ఆ కబురు పక్కనే ఉన్న బ్రస్సెల్స్‌కి పనికిరాలేదు, ఎందుకంటే సంచీ మీద రాసింది స్టెఫానియా అని.

బాధితుల లెక్క చివరికి వంద దాటింది. 2000లో వచ్చిన వ్యాసం ఇంకా ఘోరం. ముందు జాగ్రత్తగా పాడైన కిడ్నీలు, మూత్రనాళాలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి అప్పటికే కాన్సరు కనబడింది. చైనా 2003లో అరిస్టొలోకియా ముతోంగ్‌ని, 2004లో గ్వాంగ్ ఫాంగ్‌జీని అధికారిక జాబితా నుంచి తీసేసింది.

మనకేంటి అంటారా? పాముకాటుకని పల్లెల్లో వాడిన ఈశ్వరి వేరు, పురుగులకి వాడే గాడిదగడప, రెండూ అరిస్టొలోకియాలే. ఆ ఆమ్లం వీటిలోనూ ఉంటుంది. ఇక కోవిడ్ రోజుల్లో అందరూ తిప్పతీగ కషాయాలు తాగారు కదా, 2021లో ముంబై డాక్టర్లు దానివల్ల లివరు దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. ఆయుష్ శాఖ వెంటనే, రోగులు తాగింది అసలు తిప్పతీగేనా, టినోస్పొరా క్రిస్పా లాంటి దాని చుట్టం కాదా అని అడిగింది. తప్పించుకోవడానికి అడిగినా నిజాయితీగా అడిగినా, ప్రశ్న మాత్రం సరైనదే. 2022లో 13 ఆసుపత్రుల నుంచి 43 మంది రోగుల వివరాలతో మరో అధ్యయనం వచ్చింది. ఈసారి రోగుల దగ్గర దొరికిన నమూనాలకి రసాయన పరీక్షలు కూడా చేశారు. క్రిస్పా తీగ మీద బుడిపెలు ఎక్కువగా ఉంటాయి. పెరట్లో కోసుకునేవాళ్ళు చూసి తేల్చుకోవచ్చు. సీసాలో పొడి కొనుక్కునేవాళ్ళకి చేతిలో ఉన్నది లేబులు ఒక్కటే.