ఊరుమ్మడి నేలకు కావలి కాచిన సంఘములు

గ్రంథాలయమునకును ఉద్యానవనమునకును దగ్గరి చుట్టరికము కలదు. రెండును ఏ ఒక్కరి సొత్తును కావు. రెండింటిలో అడుగిడుటకును కులముగాని ధనముగాని అడ్డు రారాదు. పట్టించుకొనువారు లేనినాడు రెండును పాడుపడును. పుస్తకము మనస్సునకు ఇచ్చు విశ్రాంతినే పచ్చని నేల దేహమునకు ఇచ్చును. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొన్న ఈ శుభసమయమున, ఇట్టి మరియొక సేవకు పూనుకొని, ప్రభుత్వములు మేలుకొనకముందే మేలుకొన్న కొన్ని స్వచ్ఛంద సంఘముల చరిత్రను పాఠకులకు విన్నవించుట ఉచితమని తోచినది. ఆ చరిత్ర ఇంగ్లండు దేశమునకు, ముఖ్యముగా లండను నగరమునకు సంబంధించినది. దూరదేశపు ముచ్చటయే యైనను, ఊరుమ్మడి నేల యున్న ప్రతిచోటను అది ఆలోచింపదగినది.

ఉమ్మడి బీళ్లు పోయిన తీరు

పూర్వము ఇంగ్లండులో గ్రామములను ఆనుకొని ఉమ్మడి బీళ్లు విరివిగా ఉండెడివి. ఆ నేలకు యజమాని ఆ ప్రాంతపు భూస్వామియే. కాని గ్రామస్థులకు దానిపై తరతరములుగా వచ్చిన హక్కులు కొన్ని కలవు. కొందరికి పశువులను మేపుకొను హక్కు, కొందరికి వంటచెరకు ఏరుకొను హక్కు, మరికొందరికి పశువులశాలలో పరచుటకు గడ్డి కోసికొను హక్కు ఉండెడిది. భూమి లేని కూలివానికి ఒక ఆవును పోషించుకొను ఆధారము ఈ బీడే.

కాలక్రమమున భూస్వాములు ఈ బీళ్లకు కంచెలు వేసి సొంతము చేసికొనసాగిరి. దీనికి పార్లమెంటు చట్టములు తోడ్పడెను. 1604 నుండి 1914 వరకు ఇట్టి చట్టములు 5,200కు పైగా వెలువడెను. వాని మూలమున కంచెలలోనికి పోయిన నేల ఇంచుమించు 68 లక్షల ఎకరములు. ఇది ఇంగ్లండు దేశ విస్తీర్ణములో అయిదవ వంతునకు మించినది. హక్కు పత్రములు చూపగలిగినవారికి ఏదో కొంత భాగము దక్కెను. వాడుక తప్ప వేరు ఆధారము లేని బీదవారికి చాలచోట్ల ఏమియు దక్కలేదు.

పల్లెలలో బ్రతుకు సాగనివారును, పనులు వెదకికొనువారును పట్టణములకు చేరిరి. 1801లో పది లక్షల జనము గల లండను నగరము, 1901 నాటికి పరిసరములతో కలిపి 65 లక్షలకు పెరిగెను. గాలి చొరని సందులలో, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము కాపురముండెను. ధనికుల ఇండ్ల నడుమనున్న తోటలకు తాళములు ఉండెను. బీదల బిడ్డలకు ఆటస్థలము వీధియే.

ఒక్క రాత్రిలో కూలిన కంచె

ఈ పరిస్థితిని చూచి కలత చెందిన కొందరు 1865లో ఉమ్మడి బీళ్ల పరిరక్షణ సంఘమును స్థాపించిరి. జార్జి షా లెఫెవర్ అను పార్లమెంటు సభ్యుడు దీనికి మూలపురుషుడు. తత్త్వవేత్త జాన్ స్టువర్టు మిల్ ఇందు సభ్యుడు. సంఘమునకు అధికారము లేదు, సైన్యము లేదు. న్యాయశాస్త్ర పరిజ్ఞానమును, ప్రజల విశ్వాసమును మాత్రమే దాని బలము.

మరుసటి యేడే ఒక విచిత్రమైన సంఘటన జరిగెను. బర్కుహాంస్టెడ్ అను ఊరి బీడులో నాలుగు వందల ఎకరములకు పైగా నేలకు బ్రౌన్‌లో ప్రభువు ఎస్టేటువారు ఇనుప కంచె నాటించిరి. ఆ బీడుపై హక్కు కలిగిన అగస్టస్ స్మిత్ అను ఆయన సంఘమువారి ఆలోచన తీసికొని, 1866 మార్చి 6వ తేదీ రాత్రి సుమారు 120 మంది కూలీలను లండను నుండి ప్రత్యేకమైన రైలులో పంపెను. వారు తెల్లవారు లోపల కంచెను ఊడబెరికి కుప్పలుగా పేర్చిరి. ఉదయమున ఊరివారు వచ్చి చూచి, ఈ నేల మనదే యనుటకు గుర్తుగా ముండ్లపొదల రెమ్మలను తుంచుకొని పోయిరట. కంచె తీయించుట దౌర్జన్యమని ప్రభువు పక్షమువారు వ్యాజ్యమాడిరి. 1870లో తీర్పు స్మిత్ పక్షముననే వచ్చెను.

ఎప్పింగు అరణ్యము కథ ఇంతకంటె పెద్దది. లండనుకు ఈశాన్యముగా నున్న ఈ అడవిలో లౌటన్ గ్రామస్థులకు చలికాలమున చెట్ల కొమ్మలు కొట్టుకొను హక్కు పూర్వమునుండి కలదు. భూస్వామి కంచె వేసినను థామస్ విల్లింగేల్ అను శ్రామికుడు ఆ హక్కును విడువలేదు. ఆ కారణముగా అతని కుటుంబమువారు చెరసాల పాలైరి. సంఘము అతని పక్షమున వ్యాజ్యము నడపెను. కాని 1870లో అతడు మరణించుటతో ఆ వ్యాజ్యము ఆగిపోయెను. అప్పుడు సంఘమువారు మరొక మార్గము కనుగొనిరి. లండను నగర కార్పొరేషనుకు ఆ సమీపమున శ్మశానమునకై కొన్న భూమి కలదు. ఆ భూమి మూలమున కార్పొరేషనుకు కూడ అడవిలో మేత హక్కు సంక్రమించినది. బీద శ్రామికుని వ్యాజ్యము ఆగినచోట, ధనబలము కల కార్పొరేషను 1871లో వ్యాజ్యము వేసెను. 1874లో కంచెలు చెల్లవని తీర్పు వచ్చెను. 1878లో ప్రత్యేక చట్టము పుట్టెను. 1882 మే 6వ తేదీన విక్టోరియా రాణి స్వయముగా వచ్చి ఆ అరణ్యమును ప్రజల విహారమునకు అంకితము చేసెను. కొమ్మలు కొట్టుకొను హక్కు పోయినందుకు ఇచ్చిన పరిహారముతో లౌటన్ గ్రామస్థులకు ఒక సభాభవనము వెలసెను. అది 1884లో ప్రారంభమైనది.

ఆక్టేవియా హిల్

బీళ్లు ఊరికి వెలుపల ఉన్నవి. ఊరి నడుమ సందులలో మ్రగ్గువారి సంగతి యేమి? ఈ ప్రశ్న వేసినది ఆక్టేవియా హిల్ అను మహిళ. ఈమె 1838లో జన్మించెను. తండ్రి వ్యాపారము చెడి కుటుంబము చితికిపోగా, చిన్ననాటనే పనిలో ప్రవేశించెను. 1865లో ప్రసిద్ధ రచయిత జాన్ రస్కిన్ తన తండ్రి ఆస్తిలోని సొమ్ముతో మేరిల్‌బోన్ ప్రాంతమున మూడు పాత ఇండ్లు కొని ఆమెకు అప్పగించెను. ఆమె వానిని బాగుచేయించి బీదలకు అద్దెకిచ్చి, అద్దె వసూలునకు తానే వారమువారము ఇల్లిల్లు తిరిగెడిది. అట్లు తిరుగుటలో ఆమెకు బోధపడిన దేమన, గది ఎంత శుభ్రపరచినను, బయట కాలు చాపుకొను చోటు లేనిచో మనుష్యుని బ్రతుకు బాగుపడదని. కావున తరువాత చేతికి వచ్చిన ఇండ్ల ప్రక్కన బిడ్డలకు ఒక ఆటస్థలమును ఏర్పరచెను.

1875లో స్విస్ కాటేజి పొలములు అను పచ్చిక బయళ్లు ఇండ్ల నిర్మాణమునకు పోవుచున్నవని తెలిసి, వానిని కొనుటకు ఆమె చందాలు పోగుచేయసాగెను. కొలది వారములలోనే చాల సొమ్ము చేరెను. కాని యజమానులు అమ్ముటకు సమ్మతింపలేదు. ఆ పొలములు ఇండ్లక్రింద మునిగిపోయెను. ఆమె అధైర్యపడలేదు. ఆ యేడే ఒక వ్యాసము ప్రకటించి, నగరవాసులకు నాలుగు విధములైన చోట్లు కావలెనని వాదించెను. కూర్చుండుటకు చోటు, ఆడుకొనుటకు చోటు, షికారు పోవుటకు చోటు, ఒక దినమంతయు గడుపుటకు చోటు. మొదటి రెండును ఇంటికి అతి సమీపమున ఉండవలెను. పసిబిడ్డను చంకనెత్తుకొన్న తల్లియు, పనిచేసి అలసిన ముదుసలియు మైలు దూరము నడచిపోలేరు గదా!

1876లో ఆమె అక్క మిరాండా హిల్ సంకల్పముతో కైర్ల్ సమాజము ఏర్పడెను. రాస్ అను చిన్న పట్టణమున ప్రజల విహారమునకు స్థలము నిచ్చిన జాన్ కైర్ల్ అను పూర్వపు దాత పేరు దానికి పెట్టిరి. ఇందు నాలుగు శాఖలు కలవు. ఒకటి బీదల సభామందిరములకును ఆసుపత్రులకును చిత్రాలంకారములు చేయుటకు, ఒకటి సంగీతమునకు, ఒకటి పుస్తకములు పంచుటకు, ఒకటి బహిరంగ స్థలములకు. పుస్తకమును పూదోటను ఒకే సంఘము చేపట్టుట మన పాఠకులు గమనింపదగిన విషయము. బహిరంగ స్థలముల శాఖకు న్యాయసలహాదారుగా నిలిచినవాడు రాబర్టు హంటర్. బీళ్ల పరిరక్షణ సంఘమునకు చిరకాలము వ్యాజ్యములు నడపినవాడును ఇతడే. 1882లో తపాలాశాఖకు న్యాయాధికారిగా ఉద్యోగములో చేరిన తరువాత కూడ ఈ సేవను మానలేదు.

సమాధుల నేలపై పూలమొక్కలు

లండను నడుమ ఖాళీ నేల యెక్కడిది? 1852 చట్టము ననుసరించి మూతపడిన పాత శ్మశానములే ఆ నేల. అవి చెత్తకుప్పలై, కొన్నిచోట్ల ఇండ్లు కట్టువారి కంటబడెను. 1877లో డ్రూరీ లేన్ శ్మశానము తోటగా మారెను. 1882లో బ్రాబజాన్ ప్రభువు రాజధాని ప్రజోద్యానముల సంఘమును స్థాపించెను. 1884లో మూతపడిన శ్మశానములలో కట్టడములు కట్టరాదని చట్టము వచ్చెను. ఇసబెల్లా హోమ్స్ అను మహిళ లండనులోని శ్మశానములను కాలినడకన వెదకి వెదకి లెక్కించి, 1896లో గ్రంథముగా ప్రకటించెను. ఫానీ విల్కిన్సన్ అను మరియొక మహిళ ఆ సంఘమునకు తోటల శిల్పిగా పనిచేసి అనేక ఉద్యానములకు రూపు దిద్దెను. ఈ వృత్తిని చేపట్టిన తొలి మహిళలలో ఆమె యొకతె.

ఈ సంఘము పని చేసిన పద్ధతి మిక్కిలి వివేకముతో కూడినది. స్థలమును సంపాదించి, బాటలు తీర్చి, చెట్లు నాటి, బల్లలు వేయించుట సంఘము వంతు. తరువాత దానిని స్థానిక ప్రభుత్వమునకు అప్పగించుట నియమము. పని లేనివారికి తోటపనిలో కూలి కల్పించుట మరియొక మేలు.

1887లో సదర్క్ ప్రాంతమున ఆక్టేవియా హిల్ నిర్మించిన రెడ్ క్రాస్ ఉద్యానము ఈ ఉద్యమమునకు చక్కని ఉదాహరణము. కాగితముల కార్ఖానా తగులబడిపోగా మిగిలిన బూడిద దిబ్బలపై ఆమె నీటిమడుగును, పూలపాదులను ఏర్పరచి, ప్రక్కనే ఒక సభామందిరమును, శ్రామికులకు చిన్న ఇండ్లను కట్టించెను. చలికాలమున సంగీతము, నాటకములు, ఉపన్యాసములు మందిరములో జరుగగా, వేసవిలో తోటయే జనులకు చావడి యయ్యెను.

1895 జనవరి 12వ తేదీన ఆక్టేవియా హిల్, రాబర్టు హంటర్, హార్డ్‌విక్ రాన్‌స్లీ అను మువ్వురు కలిసి నేషనల్ ట్రస్టును నెలకొల్పిరి. వ్యాజ్యము గెలుచుట ఒకటి, నేలను శాశ్వతముగా నిలుపుట మరియొకటి. నేలను తన పేర స్వీకరించి ప్రజలకొరకు ధరించు సంస్థ యుండవలెనని హంటర్ పదియేండ్లకు పూర్వమే సూచించియుండెను. ఆ ట్రస్టునకు మొదట లభించినది వేల్స్ దేశమున సముద్రతీరపు కొండపై నాలుగున్నర ఎకరముల నేల మాత్రమే.

గుణదోషములు

ఈ చరిత్రలో అంతయు పొగడదగినదే యని చెప్పుట సత్యము కాదు. ఇంత ప్రజాసేవ చేసిన ఆక్టేవియా హిల్ స్త్రీలకు పార్లమెంటు ఓటు హక్కు కూడదని వాదించెను. ప్రభుత్వమే బీదలకు ఇండ్లు కట్టి యిచ్చుటను కూడ ఆమె అంగీకరింపలేదు. చందాలతో అన్నియు సాధ్యములు కావనియు ఆ సంఘముల అనుభవమే చెప్పుచున్నది. 1889లో హాంస్టెడ్ బీడునకు పార్లమెంటు కొండ పొలములను కలుపుటకు మూడు లక్షల పౌనులు కావలసివచ్చెను. అందు హెచ్చుభాగము ప్రజలు పన్నులుగా కట్టిన సొమ్మే. స్వచ్ఛంద సంఘము దారి చూపగలదు, త్రోవ నడువగలదు. కాని బరువంతయు ఎల్లకాలము అదియే మోయలేదు.

అట్లని ప్రభుత్వమునకు అప్పగించినంత మాత్రమున సంఘము పని తీరిపోదు. రెడ్ క్రాస్ ఉద్యానమే దీనికి సాక్షి. ఇరువదవ శతాబ్దమున అది పూర్వపు శోభ కోల్పోయి సామాన్యమైన ఖాళీస్థలముగా మిగిలెను. 2005-06లో దానిని తిరిగి పూర్వరూపమునకు తెచ్చినది బ్యాంక్‌సైడ్ బహిరంగ స్థలముల ట్రస్టు అను స్థానిక సేవాసంస్థ. ఇరుగుపొరుగువారే స్వచ్ఛంద సేవకులై అచ్చట మొక్కలు నాటి కలుపు తీసిరి. నేడు ఆ దేశమున ఒక్కొక్క ఉద్యానమునకు మిత్రబృందము పేర ఇట్టి చిన్న సంఘములు వేలకొలది కలవు.

మనకు తోచు విషయములు

ఈ క్రమము మన గ్రంథాలయోద్యమమునకు క్రొత్తది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పుడు గ్రంథాలయ చట్టము లేదు, గ్రంథాలయ పన్ను లేదు. అయ్యంకి వెంకటరమణయ్య మొదలగు సేవకుల కృషి ముందు, 1948 నాటి మద్రాసు చట్టము, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము తరువాత. చట్టము వచ్చిన పిదపను, తలుపు తీసి దీపము పెట్టు మనిషి లేనిచోట పుస్తకము చెదలపాలే యైనది.

ఊరుమ్మడి నేల సంగతియు అట్టిదే. చెరువుగట్టు, పశువుల బయలు, బడి యెదుట ఆటస్థలము, ఇవి మనకును కలవు. 2011 జనవరి 28వ తేదీన జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో మన సుప్రీంకోర్టు, గ్రామముల ఉమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగించి ఆ భూములను గ్రామమునకు తిరిగి అప్పగించుటకు పథకములు సిద్ధపరచవలసినదని రాష్ట్ర ప్రభుత్వములను ఆదేశించెను. అది పంజాబులోని యొక గ్రామపు చెరువును గూర్చిన వ్యాజ్యమైనను, తీర్పు దేశమునకంతకును వర్తించును. ఆశ్రయించుటకు న్యాయము కలదు. దానిని చేతబట్టుకొని అడుగువారు కావలెను.

ఇసబెల్లా హోమ్స్ చేసిన పని పెద్ద విద్య కాదు. నడచి, చూచి, వ్రాసిపెట్టినది. మన ఊరి ఉమ్మడి స్థలములెన్ని, వాని హద్దులేవి, లెక్కలలో ఎట్లున్నవి యను విషయము ఒక పుస్తకమునకెక్కి ఈ గ్రంథాలయపు బీరువాలో ఉన్నచో, రాబోవు తరమువారు దానిని చూపి అడుగగలరు. వాడుక తప్ప వేరు ఆధారము లేనివారికి ఏ గతి పట్టినదో పైని చరిత్ర తెలుపుచున్నది. పత్రములను భద్రపరచుట గ్రంథాలయ ధర్మములలో ఒకటి. రజతోత్సవము జరుపుకొనుచున్న మన సంస్థ స్వర్ణోత్సవము నాటికి, పుస్తకము చదివి బయటికి వచ్చిన పిల్లవాడు ఆడుకొనుటకు ఊరిలో ఒక చెట్టునీడయు, నాలుగు గజముల బయలును మిగిలియుండునట్లు చూచుట మనయందరి చేతిలోనిపని.