హాలీ సిక్కాపై చార్మినారు

ప్రసిద్ధ కట్టడముల రూపములను వెండిపై ముద్రించి విక్రయించుట నేడు పెక్కు దేశములలో వాడుకయైనది. అమెరికా ప్రభుత్వము 2010 మొదలు 2021 వరకు తన చారిత్రక స్థలములను, ఉద్యానములను 56 నేరి, ఐదేసి ఔన్సుల వెండి నాణెములపై ముద్రింపించెను. వానితో నెవ్వరును సంతలో ఉప్పు కొనరు. కొన్నవారు పెట్టెలో దాచుకొందురు. మా నల్లగొండ, పాలమూరు సీమలలో మాత్రము ఉప్పు కొనిన వెండిపైననే యొక కట్టడము నిలిచి యుండెను. ఆ నాణెమే హాలీ సిక్కా రూపాయి. హాలీ యనగా వాడుకలో నున్నదని యర్థము.

అంతకు పూర్వము మాకు నాణెములకు కొదువ లేదు గాని వానికి ఏకరూపత లేదు. నారాయణపేట, గద్వాల, వనపర్తి సంస్థానములలో వేర్వేరు టంకశాలలుండెను. నారాయణపేట రూపాయిపై దిల్షాదాబాదను పేరు కానవచ్చును. ఇన్ని తీరుల రూపాయలున్నచోట షాహుకారు నాణెమును మ్రోగించి, తూచి, వట్టము పట్టుకొనుట సహజము. మొదటి సాలార్జంగు ఈ చిల్లర టంకశాలలను మాన్పించి, ముద్రణాధికారమును నగరమునకే చేర్చుటకు పూనుకొనెను.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినారు, హిజ్రీ 1321లో, అనగా 1903-04లో, ఆరవ నిజామగు మీర్ మహబూబలీఖాను రూపాయిపై కెక్కెను. సైఫాబాదు టంకశాల వెలసినదియు 1903లోనే. ఏ ప్రభువు పేరు 1890లో పాలమూరునకు పెట్టబడెనో, ఆ ప్రభువు నామమునందలి తొలి యక్షరమగు ‘మీము’ చార్మినారు నడిమి కమానులో నుండును. 1911లో ఉస్మానలీఖాను గద్దెనెక్కిన పిదప నచ్చట ‘ఐను’ చేరెను. పారసీకము రాని కాపునకు ఆ యక్షరము తెలియకపోవచ్చును. నాలుగు మీనారులు మాత్రము తెలియును. పట్నపు మొగ మెరుగని వాని యరచేతికి పట్నమే వచ్చి కూర్చుండెను! మా భువనగిరి దుర్గమునకు గాని, పానగల్లు దేవాలయములకు గాని ఆ భాగ్యము పట్టలేదు. రాజధాని తన్ను దానే ముద్రించుకొన్నది. ఇది నాకు లోపముగనే తోచును.

అయినను ఆ నాణెమునకు విలువ నిచ్చినది బొమ్మ కాదు, వెండియే. కృష్ణ దాటి ఇంగ్లీషువారి సీమలో బేరమాడవలసిన వర్తకునకు కల్దారు రూపాయి కావలెను. నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ చెల్లవలెను. అనగా ఆరింటికి ఏడు. ఈ లెక్క దొరల దర్పమువలన పుట్టినదని కొందరనుకొందురు. తూచి చూతము. కల్దారు సరిగా తులమెత్తు, 11.66 గ్రాములు, అందు పండ్రెండు పాళ్ళలో పదునొకండు వెండి. హాలీ రూపాయి సుమారు 11.18 గ్రాములు, అందు వేయింట 818 పాళ్ళు మాత్రమే వెండి. ఆరు కల్దారులలో 64 గ్రాముల వెండి, ఏడు హాలీలలోను 64 గ్రాములే. మారకపు రేటు త్రాసునందే పుట్టినది.

మొదటి ప్రపంచ యుద్ధమున వెండి కరవు రాగా, 1918లో హైదరాబాదు ప్రభుత్వము కాగితపు నోట్లు తెచ్చెను. 1950లో టంకశాల భారత ప్రభుత్వము చేతికి పోయెను. 1959లో హాలీ సిక్కా చెలామణి ముగిసెను. నాటినుండి ఈ రూపాయి వట్టి వెండి. ఎన్ని మీనారులు అవుసులవాని మూసలో కరగి కడియములైనవో!

కొన్నింటిని లంబాడీ స్త్రీలు కాపాడిరి. రూపాయికి చిన్న యుంగరము నతికించి పేరుగా గ్రుచ్చి మెడలో ధరించిరి. నాణెములు సేకరించువారు అట్టివానికి వెల తగ్గింతురు. నేను మాత్రము ముందుగా వానినే తీసి చూతును: ఉంగరము మీనారుల తలవైపున నున్నదా, లేక బొమ్మ తలక్రిందుగా వ్రేలాడునట్లున్నదా యని.