పొగలేని పొయ్యి కథ

కోట గోడ మందమెంతయో, దానిని ఏ రాజు ఏ సంవత్సరమున కట్టించినాడో చరిత్ర గ్రంథములు చెప్పును. ఆ కోట నీడన కాపురమున్న ఇల్లాలు రోజుకు ఎన్ని కట్టెలు కాల్చినదో మాత్రము ఎవరును వ్రాసి ఉంచలేదు. అయినను ఇంటి ఖర్చును, ఇంటివారి ఆరోగ్యమును, ఊరిచుట్టు ఉన్న అడవిని తరతరములుగా శాసించినది కోట గోడ కాదు, వంటయింటి పొయ్యి. ఆ పొయ్యిని బాగుచేయుటకు మన దేశమున జరిగిన ప్రయత్నమునకు డెబ్బది ఏండ్లకు మించిన చరిత్ర ఉన్నది. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయము హైదరాబాదులోనే నడచినది. ఇంధనము పొదుపు చేయదలచిన ప్రతి గృహస్థునకు పనికివచ్చు పాఠము ఆ కథలో ఉన్నది కనుక, దానిని మనము కొంచెము వివరముగా ముచ్చటించుకొందము.

మొదట పాత పొయ్యిని చూతము. మూడు పొయ్యిగడ్డలు, లేదా మూడు వైపుల కట్టిన మట్టిగట్టు, కట్టెలు పెట్టుటకు ముందు ఒక నోరు. ఇంతే దాని నిర్మాణము. కట్టెలు, పిడకలు, కందికంప, పత్తికట్టె, కొబ్బరిమట్టలు, ఏది దొరికిన అదే దానికి ఆహారము. ప్రతి ఉదయము బూడిద ఎత్తి, పేడ కలిపిన మట్టితో అలికి, ముగ్గు పెట్టిన తరువాతనే పొయ్యి రాజవేయవలెనని మన పెద్దలు నియమము పెట్టుకొన్నారు. ఇది కేవలము ఆచారమని తలచరాదు. బూడిద నిండిన పొయ్యిలో గాలి ఆడదు; గాలి ఆడనిచో కట్టె సరిగా కాలక పొగ చిమ్మును. నెరియలు విచ్చిన గట్టు సందులనుండి వేడి వృథాగా పోవును. దినదినము జరుగు ఆ అలుకుట పొయ్యికి దినదినము జరుగు మరమ్మతు. దానికి ప్రత్యేకముగా పనివానిని పిలువవలసిన పని లేదు, రొక్కము చెల్లింపవలసిన పని అంతకన్నను లేదు.

పొదుపు కూడ ఆ వంటయింటిలో లేకపోలేదు. పాలు కాచుటకు మంట అక్కరలేదని గ్రహించిన ఇల్లాండ్రు పిడకల నిప్పుతో దాలి ఏర్పరచి, ఉదయము పెట్టిన పాలకుండను సాయంత్రమువరకు ఎఱ్ఱగా కాగనిచ్చెడివారు. వరిమిల్లులున్న ఊళ్ళలో ఊకపొయ్యి, కోతమిల్లులున్న ఊళ్ళలో రంపపుపొట్టు పొయ్యి వాడుకలోనికి వచ్చినవి. డబ్బాలో నడుమ ఒక కఱ్ఱ నిలిపి, చుట్టును పొట్టు గట్టిగా కూరి, కఱ్ఱ మెల్లగా తీసివేసినచో మధ్య ఏర్పడిన రంధ్రమున మంట నిదానముగా, గంటల తరబడి నిలుచును. పారవేయు పొట్టును వంటచెరకుగా మార్చిన ఈ ఉపాయము ఇంటింటి అనుభవమునుండి నేర్చిన విద్య.

అయితే పాత పొయ్యికి పెద్ద లోపము ఒకటి ఉన్నది. అది పొగ. పొగ పూరికప్పులోని వెదుళ్ళకు పురుగు పట్టకుండ కాపాడునని కొందరు దానిని ఓర్చుకొన్నారు. కాని పొగ అనగా కాలక మిగిలిన కట్టెయే. ఇంటిలో ఎంత పొగ నిండిన అంత కట్టె దండుగ అయినదన్నమాట. ఊదుగొట్టముతో ఊది ఊది కన్నులు ఎఱ్ఱవడిన ఇల్లాలు, ఆమె ఒడిలోని పసిబిడ్డ, ఇద్దరును ఆ దండుగకు పన్ను చెల్లించినవారే. ఇండ్లలో కాల్చు ఇంధనముల పొగవలన మన దేశమున 2019 సంవత్సరములో సుమారు 6 లక్షల మరణములు సంభవించినవని వైద్యశాస్త్రజ్ఞుల అంచనా. పొయ్యిని మరచిన చరిత్ర ఎంత పెద్ద విషయమును మరచినదో ఈ ఒక్క అంకెవలన తెలియగలదు.

ఈ పొగపై శాస్త్రీయముగా పోరాటము స్వాతంత్ర్యము వచ్చిన దినములలోనే ఆరంభమైనది. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము వార్ధాలోని మగన్‌వాడీలో పనిచేయుచు, 1947 ప్రాంతమున ‘మగన్ చూల్హా’ అను పొగగొట్టముగల మట్టిపొయ్యిని ప్రచారములోనికి తెచ్చినది. ఆ వెనుకనే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజు మరియొక పొయ్యిని రూపొందించినారు. 1953లో ఆయన దానిపై ఆంగ్లమున ఒక చిన్న పుస్తకము ప్రకటించినారు. ఆ పుస్తకము పేరునకు ‘కోట్లమందికి పొగలేని వంటయిండ్లు’ అని అర్థము. నదులు, కాలువలు, ఆనకట్టల లెక్కలు చూచు ఇంజనీర్లు వంటయింటి పొయ్యివైపు దృష్టి సారించుట ఆ కాలమునకు చిన్న విషయము కాదు. ఆ పరిశోధనశాల పేరులోని ఆంగ్లాక్షరములతోనే ఆ పొయ్యి ‘హెర్ల్ చూల్హా’ అని దేశదేశములందు ప్రసిద్ధి చెందినది.

దాని సూత్రము సులభము. నిప్పును నాలుగు వైపుల మూసిన మట్టిగూటిలో ఉంచవలెను. గూటిపై ఒకటికి మించిన కన్నములు ఉండవలెను. మొదటి కన్నముపై గిన్నెను తాకిన మంట, ఆరిపోకముందే రెండవ గిన్నె క్రిందికి ప్రాకి, మిగిలిన వేడిని దానికి కూడ ఇచ్చి, తుదకు పొగగొట్టము గుండ ఇంటి బయటకు పోవలెను. ఒక్క మంటకు రెండు మూడు వంటలు, వంటయింటిలో పొగ లేకుండుట, ఇవి ఆ పొయ్యి ఇచ్చిన మాటలు. మట్టి, ఇటుక ముక్కలు, ఒక గొట్టము ఉన్నచో ఏ పల్లెలోనైనను దానిని కట్టుకొనవచ్చును.

ఆ మాటలు నిలిచినవా? కొన్ని ఇండ్లలో నిలిచినవి, పెక్కు ఇండ్లలో నిలువలేదు. అందుకు కారణములు తెలిసికొనదగినవి. పొగగొట్టమునకు గాలిని లాగు శక్తి ఉన్నది. ఆ లాగుడు మితిమీరినచో గిన్నెకు చేరవలసిన వేడి గొట్టము గుండ ఆకాశమునకు పోవును. మితము తప్పి తగ్గినచో పొగ వెనుకకు తిరిగి ఇంటిలోనికే వచ్చును. గొట్టములో మసి పేరుకొన్నకొద్ది ఈ రెండవ కీడు తప్పదు. కన్నమునకు సరిపోని గిన్నె పెట్టినచో అంచు సందులనుండి పొగ లేచును. మట్టి నెరియలు విచ్చినచో అక్కడినుండియు గాలి దూరును. పాత పొయ్యికి అలుకుట ఒక్కటి చాలును. కొత్త పొయ్యికి అలుకుటతో పాటు గొట్టపు మసి దులుపుట, గిన్నె కొలత చూచుకొనుట, లోపలి దారి పూడిపోకుండ చూచుట కూడ కావలెను. పొయ్యిని ఇచ్చినవారు ఈ పనిని ఇంటింటికి నేర్పలేదు. గాలి తాకిడి లేని చోట, నేర్పుగల చేతిలో మూడుగడ్డల పొయ్యి అనుకొన్నంత దుబారా చేయదని తరువాతి కొలతలలో తేలినది. ఒక మంచి పొయ్యిని పాడుగా ఉంచుటకంటె ఒక మామూలు పొయ్యిని బాగుగా ఉంచుట మేలని దీని తాత్పర్యము.

1973లో చమురు ధర ఆకాశమునంటినప్పుడు లోకము ఇంధనమును గూర్చి మేలుకొన్నది. పేదవాని ఇంధన సంక్షోభము చమురు కాదు, వంటచెరకు అని 1975లో ఎరిక్ ఎక్‌హామ్ అను అమెరికను రచయిత ఎత్తిచూపినాడు. మన దేశమున బెంగుళూరులోని భారత విజ్ఞానశాస్త్ర సంస్థలో ఆచార్య అమూల్యరెడ్డి 1974లో స్థాపించిన ‘అస్త్ర’ అను కేంద్రము గ్రామ సాంకేతికమును చేపట్టి, మూడు గిన్నెల ‘అస్త్ర ఒలె’ను తయారుచేసినది. ఒలె అనగా కన్నడమున పొయ్యి. 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. 2002లో అది ముగియునప్పటికి దేశమున మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టబడినట్లు లెక్క వేసినారు. కాని కట్టిన పొయ్యిల లెక్క ఒకటి, మండుచున్న పొయ్యిల లెక్క ఒకటి. విరిగిన గొట్టమును మార్చువారు లేక పెక్కు పొయ్యిలు కొలది కాలములోనే మూలబడినవి.

ఈ సంగతిని తేటతెల్లము చేసిన పరిశోధన ఒకటి మన పొరుగున ఒడిశాలో జరిగినది. రేమా హానా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు అక్కడ సుమారు 2,600 కుటుంబములను, మెరుగైన పొయ్యి అందిన పిదప నాలుగేండ్లవరకు గమనించి, 2016లో ఫలితములు ప్రకటించినారు. మొదటి సంవత్సరమున వంటచేయువారు పీల్చు పొగ తగ్గినది. ఆపైన ఆ మేలు క్రమముగా కరగిపోయినది. కట్టెల వాడుకలో తగ్గుదల కనబడనే లేదు. పొయ్యిని తరచుగా వాడకపోవుట, దాని బాగోగులకు శ్రమయు సొమ్మును వెచ్చింపకపోవుట ఇందుకు కారణములని వారు తేల్చినారు. పరిశోధనశాలలో నిపుణుడు వెలిగించిన పొయ్యి వేరు, నాలుగు వర్షాకాలములు గడచిన పొయ్యి వేరు.

ఇక గ్యాసు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1999లో ‘దీపం’ పథకము ద్వారా, కేంద్ర ప్రభుత్వము 2016 మే 1వ తేదీన ఆరంభించిన ‘ఉజ్జ్వల’ పథకము ద్వారా పేద ఇండ్ల స్త్రీల పేర గ్యాసు కనెక్షన్లు ఇచ్చినవి. డాక్టర్ రాజు కోరిన పొగలేని వంటయిల్లు ఈ దారిన ఎన్నో ఇండ్లకు వచ్చినది. పాత కట్టెల పొయ్యిలో కట్టెలోని వేడి నూటికి 10 నుండి 15 పాళ్ళు మాత్రమే గిన్నెకు చేరునని సాధారణముగా చెప్పుదురు. మన దేశపు ప్రమాణము ప్రకారము ఇంటి గ్యాసు పొయ్యి నూటికి కనీసము 68 పాళ్ళు గిన్నెకు చేర్చవలెను. కాని ఆ 68 పాళ్ళు కొత్త పొయ్యికి, శుభ్రమైన పొయ్యికి చెందిన లెక్క. హైదరాబాదు పొయ్యి నేర్పిన పాఠము ఇక్కడ కూడ చెల్లును.

గ్యాసు మంట నీలముగా ఉండవలెను. పసుపుపచ్చగా ఉండి గిన్నె అడుగున మసి పట్టుచున్నచో, గ్యాసు పూర్తిగా కాలుట లేదని అర్థము. పొంగిన పాలు, గంజి బర్నరు రంధ్రములలో ఎండి అడ్డుపడుటయే తరచు దీనికి హేతువు. వారమునకొకసారి, పొయ్యి పూర్తిగా చల్లారిన పిమ్మట బర్నరును తీసి, కడిగి, రంధ్రములు శుభ్రపరచి, తడి ఆరిన తరువాత బిగించుట పది నిమిషముల పని. అప్పటికిని మంట పసుపుగానే ఉన్నచో పనివానికి చూపవలెను. గిన్నె అడుగునకు మించి ప్రక్కలకు లేచు మంట గాలిని వేడిచేయునే కాని అన్నమును కాదు. నీరు ఒకసారి మరిగిన పిదప మంట ఎంత పెంచినను మూతపెట్టిన గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. పెద్ద మంట నీటిని ఆవిరి చేయును, ఉడుకును త్వరపెట్టదు. కనుక మరిగిన వెంటనే మంట తగ్గించి, మూత ఉంచవలెను. పప్పును ముందుగా నానవేయవలెను. గ్యాసు గొట్టమును కాలపరిమితి తీరకముందే మార్చుకొనవలెను. కట్టెలు వాడువారు వానిని చూరుక్రింద ఎండబెట్టి వాడవలెను; పచ్చికట్టెలోని నీటిని ఆవిరి చేయుటకే కొంత మంట ఖర్చగును.

చివరకు ఒక మాట చెప్పక తప్పదు. పొయ్యిని అలికినది, మసి దులిపినది, పొగ మింగినది స్త్రీ. గొట్టము కొనుటకు, మరమ్మతునకు సొమ్ము తీయవలసిన చేయి పెక్కు ఇండ్లలో పురుషునిది. అలుకుటకు సొమ్ము అక్కరలేదు కనుక పాత పొయ్యి బాగోగులు నిరాటంకముగా సాగినవి. గొట్టము మార్చుటకు సొమ్ము కావలసివచ్చుటతో కొత్త పొయ్యి మూలబడినది. కరెంటు తీగకు, నీటి కుళాయికి మరమ్మతు వచ్చినప్పుడు అదే రోజు పనివానిని పిలిపించు గృహస్థుడు, వంటయింటిలోని పసుపు మంటను నెలల తరబడి చూడకపోవుట న్యాయము కాదు. ఇంటి జమాఖర్చులో పొయ్యి బాగోగులకు కూడ ఒక పద్దు ఉండవలెను. ఈ వారము ఇంటి యజమాని తానే ఒకసారి వంటయింటిలోనికి పోయి మంట రంగు చూచి రావలెను.