కోట హరినారాయణ

కోట హరినారాయణ (జననం 1943) విమాన ఇంజనీరు. తేజస్ యుద్ధవిమానం రూపకల్పనకు సారథ్యం వహించారు. తెలుగు, ఒడియా పక్కపక్కనే వినిపించే బరంపురం ఆయన సొంత ఊరు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎంఈ, బొంబాయి ఐఐటీలో పీహెచ్‌డీ చేశారు. కొలువు హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో మొదలైంది.

వైమానిక దళంలోని మిగ్-21 యుద్ధవిమానాలకు బదులుగా మన దేశంలోనే ఒక తేలికపాటి యుద్ధవిమానం తయారుచేయాలని 1984లో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీని నెలకొల్పారు. ఆ కార్యక్రమానికి సంచాలకుడు, ప్రధాన రూపశిల్పి హరినారాయణే. 2002 దాకా ఆ బరువు మోశారు. ఇక్కడే తయారై 1961లో ఎగిరిన మారుత్ యుద్ధవిమానం తర్వాత మన ఇంజనీర్లు ఎక్కువగా పరాయి విమానాలనే లైసెన్సు మీద కట్టారు. అందువల్ల విమానంతో పాటు దాన్ని గీయగల మనుషులను కూడా తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఆయన చేసిన అసలు మేలు ఇదే.

అన్నిటికన్నా ఎక్కువ చిక్కు తెచ్చింది నియంత్రణ వ్యవస్థ. చటుక్కున మలుపు తిరగడం కోసం ఈ డెల్టా రెక్కల విమానాన్ని కావాలనే నిలకడ లేకుండా రూపొందించారు. పైలట్ ఒక్కడి చేతుల్లో అది నిలవదు. కంప్యూటర్ అనుక్షణం రెక్కల అంచులను కదిలిస్తూ సరిదిద్దుతుండాలి. ఒకటి చెడినా మిగతావి అందుకునేలా నాలుగు సమాంతర వ్యవస్థలు పెట్టారు. అందులో కొంత పని అమెరికాలో సాగుతుండగా 1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షలు జరిగాయి. వెంటనే అమెరికా ఆంక్షలు వచ్చిపడ్డాయి, అక్కడున్న మన ఇంజనీర్లు తిరిగి రావాల్సి వచ్చింది. మిగిలిన పనిని బెంగళూరులోనే పూర్తిచేశారు.

2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ తొలి నమూనాను బెంగళూరు ఆకాశంలో సుమారు 18 నిమిషాలు నడిపి క్షేమంగా దించారు. 2003లో ప్రధాని వాజపేయి దానికి తేజస్ అని పేరు పెట్టారు. వైమానిక దళంలో తొలి తేజస్ స్క్వాడ్రన్ 2016లో గానీ ఏర్పడలేదు. ఆలస్యం మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. అయితే ఏమీ లేని చోట మొదలైన పని అన్న సంగతినీ లెక్కలోకి తీసుకోవాలి.

2002లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉపకులపతి అయి, 2005 దాకా ఉన్నారు. ఆ తర్వాత నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో చిన్న ప్రయాణికుల విమానంపై అధ్యయనానికి నాయకత్వం వహించారు. జీవితమంతా ప్రభుత్వ సంస్థల్లో గడిపిన మనిషి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో వ్యాపారంలోకి అడుగుపెట్టి, డ్రోన్లు తయారుచేసే బెంగళూరు కంపెనీ జనరల్ ఏరోనాటిక్స్‌కు వెన్నుదన్నుగా నిలిచారు. పొలాల్లో మందు చల్లే డ్రోన్లు దాని ప్రధాన ఉత్పత్తుల్లో ఒకటి. ఆ కంపెనీలో సగం వాటా కొంటున్నట్టు 2022లో అదానీ సంస్థ ప్రకటించింది.